మొజార్టు – రెండవ వాద్యము

ఆల్ప్సు పర్వతముల చెంత, సాల్జాఖ్ నదీతీరమున సాల్స్‌బర్గు అను నగరము కలదు. నేడది ఆస్ట్రియా దేశములోనిది. పదునెనిమిదవ శతాబ్దమున మాత్రము క్రైస్తవ మతాధిపతి యొకడు ప్రభువుగా నేలుచుండిన చిన్న సంస్థానమునకు రాజధానిగా నుండెను. ఆ నగరమున 1756వ సంవత్సరము జనవరి 27వ తేదీన వుల్ఫ్‌గాంగ్ అమడేయస్ మొజార్టు జన్మించెను. తండ్రి లియోపోల్డు ఆస్థానమున వయొలిను విద్వాంసుడు. ఆ వాద్యమును నేర్పు పద్ధతిని గూర్చి, కుమారుడు పుట్టిన యేటనే, ఒక గ్రంథమును ప్రకటించినవాడు. తల్లి పేరు ఆనా మరియా. ఆ దంపతులకు ఏడుగురు బిడ్డలు కలిగినను, బ్రదికి బట్టకట్టినవారు ఇద్దరే. వారిలో పెద్దది నానెర్ల్ అను ముద్దుపేరు గల కుమార్తె. చిన్నవాడు మన మొజార్టు.

తండ్రి నానెర్ల్‌కు హార్ప్సికార్డు అను వాద్యమును నేర్పుచుండెను. అది పెద్ద బల్లవలె నుండును. హార్మోనియమునకు వలెనే దానికిని మీటల వరుస కలదు. పాఠము ముగిసిన పిదప పసివాడైన తమ్ముడు వాద్యమును సమీపించి, చెవికింపైన స్వరముల జంటలను వెదకికొని ఆనందించుచుండెను. ఐదవ యేటనే వాడు చిన్న చిన్న రచనలు చేయగా, తండ్రి వానిని పుస్తకమున వ్రాసి యుంచెను.

బిడ్డల ప్రతిభను లోకమునకు చూపవలెనని లియోపోల్డు సంకల్పించెను. 1762లో వారిని మ్యూనికు, వియన్నా నగరములకు గొనిపోయెను. మరుసటి యేట జూను 9వ తేదీన కుటుంబమంతయు ఐరోపా ఖండపు మహానగరములను చూడ బయలుదేరెను. అప్పటికి మొజార్టునకు ఏడేండ్లు. మొదటి దినములలోనే వాసర్‌బర్గు దాపున బండిచక్రము విరిగిపోయెను. అది బాగుపడువరకు ఊరకుండనేల యని తండ్రి కుమారుని అచటి చర్చికి తోడ్కొనిపోయి, ఆర్గను అను పెద్ద గాలివాద్యమును పాదములతో గూడ వాయించు విధమును బోధించెను. బాలుడు పీటను ప్రక్కకు త్రోసి, నిలుచుండియే పాదములతో స్వరములను త్రొక్కుచు చేతులతో వాయించి, విన్నవారి నబ్బురపరచెను.

ప్రయాణము సాగుకొలది ఒక చిక్కు తోచెను. ఆ కాలమున పొగబండ్లు లేవు. గుఱ్ఱపు బండ్లమీద రోజుల తరబడి పయనించి, రాత్రులు సత్రములలో గడపవలెను. నగరము చేరిన పిదప ప్రభువుల భవనములలో కచేరీలు జరుగును. అచ్చట మంచి వాద్యము లుండును. కాని కచేరీకి ముందు సాధన యెట్లు? హార్ప్సికార్డును బండిలో నెక్కించుకొని ఊరూరు త్రిప్పుట యలవి గాదు. సాధన మానినచో వ్రేళ్ళు మొద్దుబారును. లియోపోల్డు కొలువునుండి సెలవుపొంది, పెద్ద వ్యయమునకు సాహసించి వచ్చినవాడు. బిడ్డల వ్రేళ్ళలోని నేర్పు తగ్గినచో ఆ ప్రయాణమంతయు వ్యర్థమగును.

ఆ వేసవిలో వారు ఆగ్స్‌బర్గు నగరమున కొన్నాళ్ళుండిరి. అది లియోపోల్డునకు జన్మస్థలము. అచ్చట జోహాన్ ఆండ్రియాస్ స్టైన్ అను శిల్పి ఆర్గనులను, మీటల వాద్యములను నిర్మించుచుండెను. లియోపోల్డు అతనియొద్ద ప్రయాణమునకు తగిన చిన్న క్లావికార్డు నొకదానిని కొనెను.

క్లావికార్డు చిన్న పెట్టె వంటిది. మీట నొక్కినపుడు దాని కొననున్న ఇత్తడి రేకు తీగను తాకి, వ్రేలు మీటపై నున్నంతసేపు తీగ నంటియుండును. అందుచే వ్రేలి బలమును బట్టి నాదమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును. వ్రేలిని మెల్లగా నదుముచు వదలుచున్నచో, మన వీణపై గమకమును బోలిన కంపనమును గూడ పుట్టింపవచ్చును. హార్ప్సికార్డున కీ గుణము లేదు. అందు పక్షియీకతో చేసిన ములుకు తీగను మీటును. మెల్లగా నొక్కినను, గట్టిగా నొక్కినను ధ్వని ఇంచుమించు సమానముగనే వెడలును. అయినను క్లావికార్డునకు ఒక లోపము కలదు. దాని నాదము మిక్కిలి సన్నము. గదిలో చేరువ గూర్చున్నవారికే గాని పెద్ద సభకు వినబడదు.

సభకు పనికిరాని వాద్యమును కొనుట దండుగ యని తలంచువారు తలంపవచ్చును. లియోపోల్డు అట్లు తలంపలేదు. సభలో వాయించుటకు భవనములందు పెద్ద వాద్యములు ఉండనే యున్నవి. తమకు లేనిది సత్రపుగదిలో సాధనకు తగిన వాద్యము. ఆ కొరతను తీర్చుటకు బండిలో నిముడునది కావలెను. ప్రక్కవారి నిద్రకు భంగము కలిగింపనిది కావలెను. వ్రేళ్ళకు సున్నితమైన శిక్షణ నిచ్చునది కావలెను. ఈ మూడును క్లావికార్డున నమరినవి. సభకు లోపమైన సన్నని నాదమే సత్రమున గుణమయ్యెను. ఆ వాద్యము దారిలో సాధనకు చక్కగా నుపకరించుచున్నదని లియోపోల్డు సాల్స్‌బర్గునందలి మిత్రునకు లేఖ వ్రాసెను.

ఆ ప్రయాణము మూడున్నర సంవత్సరములు సాగెను. పారిసులో 1764లో బాలుని రచనలు తొలిసారి అచ్చుపడెను. లండనులో వారు ఏడాదికి పైగా నుండిరి. అచ్చట తండ్రి జబ్బుపడగా, ఇంట వాద్యమును ముట్టరాదను నియమ మేర్పడెను. బాలుడు దిగులుపడక, కాగితమును కలమును చేకొని, పలు వాద్యములు గూడి వాయించు సింఫనీ నొకదానిని రచించెనని నానెర్ల్ పిమ్మట జ్ఞప్తికి దెచ్చుకొనెను. 1765లో హేగ్ నగరమున అక్కకు, తరువాత తమ్మునకు తీవ్రమైన జ్వరము తగిలి ప్రాణములమీదికి వచ్చెను. ఎట్లో గండము గడచి, 1766 నవంబరులో వారు స్వస్థలము చేరిరి.

1777లో మొజార్టు తల్లితో గూడి మరల ఆగ్స్‌బర్గునకు వచ్చి స్టైన్ కర్మశాలను దర్శించెను. అప్పటికి పియానో అను వాద్యము వ్యాపించుచుండెను. అందు చిన్న సుత్తి తీగను కొట్టును. కావున వ్రేలి బలమును బట్టి నాదము మారును, సభకును చాలినంతగా వినబడును. స్టైన్ పియానోలలో సుత్తి తీగను కొట్టిన వెంటనే వెనుకకు జాఱును. మీటను నొక్కియుంచినను తీగను మరల తాకదు. నాదపు పలకను అతడు ఎండకు, వానకు, మంచునకు గుఱిచేసి, పగిలిన చోట్ల చెక్కముక్కల నతికి గట్టిపరచును. అట్టి పియానోను 300 గుల్డెనులకు తక్కువగా అమ్మడు. ఈ వివరములన్నియు మొజార్టు తండ్రికి లేఖలో తెలిపెను. వాద్యమును దాని పైమెఱుగును బట్టిగాక, లోపలి పనితనమును బట్టి పరీక్షించుట అతని స్వభావము. ఆ ప్రయాణముననే, 1778 జూలైలో, తల్లి పారిసు నగరమున మరణించెను.

1781లో మొజార్టు సాల్స్‌బర్గు కొలువును విడిచి వియన్నాలో స్థిరపడెను. మరుసటి యేట కాన్‌స్టాన్స్‌ను వివాహమాడెను. ఆంటన్ వాల్టర్ అను శిల్పి నిర్మించిన ఐదు స్థాయిల పియానో ఒకటి అతని కచేరీలకు ఆధారమయ్యెను. అందును ఒక కొరత యతనికి తోచెను. చిన్ననాడు వాసర్‌బర్గులో పాదములతో పలికించిన మంద్రస్వరముల గాంభీర్యము పియానోలో లేదు. అందుచే పాదములతో వాయించు వేఱొక పియానోను చేయించి, మొదటిదాని క్రింద నమర్చుకొనెను. అది మిక్కిలి బరువైనది. 1785లో వియన్నాకు వచ్చిన లియోపోల్డు, వాద్యములను ఇంటినుండి సభలకు మాటిమాటికి మోయించుట చూచి, ఆ సంగతిని కుమార్తెకు వ్రాసెను.

ఇంత గొప్ప వాద్యములు కలిగినను మొజార్టు చిన్న క్లావికార్డును విడువలేదు. సభకు పియానో, రచనకు క్లావికార్డు. 1791లో ‘మాయావేణువు’ అను సంగీతనాటకమును, మృతులకై పాడు ‘రిక్వియమ్’ అను ప్రార్థనాగీతమును అతడు క్లావికార్డుపైననే కూర్చెనని భార్య ఒక కాగితముపై వ్రాసి ఆ వాద్యమునకు చేర్చెను. రిక్వియమ్ ముగియకమునుపే, ఆ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, ముప్పదియైదేండ్ల ప్రాయమున మొజార్టు కన్నుమూసెను. అప్పటికి అతడు ఆరు వందలకు పైగా రచనలు చేసియుండెను. ఆ క్లావికార్డు సాల్స్‌బర్గున అతడు పుట్టిన యింట నేటికిని భద్రముగా నున్నది. వాల్టరు పియానోయు ఆ నగరముననే కలదు.

బాలబాలికలారా! నేడు విద్యుచ్ఛక్తిచే నాదమును పుట్టించు సింథసైజరు అను వాద్యము వచ్చినది. ఇంట పెద్ద కీబోర్డు నుండగా, దానికి తోడుగా చిన్న సింథసైజరును కొనగోరువారు మీలో నుందురు. అంగడిలో మీటల లెక్కయు, మెఱయు దీపములును కన్నుల నాకర్షించును. అప్పుడు లియోపోల్డు చేసిన యోచనను మీరును చేయుడు. ఉన్న వాద్యములో లేని గుణమేదో ముందుగా తెలిసికొనుడు. ఆ గుణమే క్రొత్తదానిలో నున్నదా యని వ్రేళ్ళతో వాయించి, చెవులతో విని చూడుడు. ఉన్నదానినే మరల కొన్నచో ధనము వ్యర్థమగును; లేనిదానిని చేర్చుకొన్నచో రెండు వాద్యములును ఒకదానికొకటి తోడై మీ సాధనను వృద్ధి చేయును.