పరీక్ష తప్పిన రామానుజన్

పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున మొహం చాటేసి తిరిగే మిత్రుణ్ణి చూస్తే శ్రీనివాస రామానుజన్ గుర్తుకొస్తాడు. 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగిన ఈ బీద గుమాస్తా కొడుకు లెక్కల పిచ్చిలో పడి తక్కిన సబ్జెక్టులన్నీ వదిలేశాడు. స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం దారి పట్టాడు. తర్వాత మద్రాసులో చేరి, ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆనాడు మన కడప, కర్నూలు విద్యార్థులను తూచింది కూడా ఆ మద్రాసు విశ్వవిద్యాలయపు త్రాసే!

1910లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు అతని నోటుపుస్తకాలు చూసి, నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకున్నాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పని దొరికింది. 1913లో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. 1914లో ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

అప్పటికే ఆరోగ్యం చెడింది. పరామర్శకు వచ్చిన హార్డీ, తాను ఎక్కిన టాక్సీ నంబరు 1729లో విశేషమేమీ లేదన్నాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ మంచం మీది నుంచే చెప్పాడు. 1, 12 ఒక జత. 9, 10 మరో జత.

ఇక్కడే ఒక చక్కని లెక్క ఉంది. x ఘనం, y ఘనం కలిపితే 1729 అయ్యే వక్రం ఒక ఎలిప్టిక్ వక్రం. పేరు చూసి దీర్ఘవృత్తమనుకోకండి. (1, 12), (9, 10) బిందువులను సరళరేఖతో కలపండి. ఆ రేఖ వక్రాన్ని మూడోచోట (−37/3, 46/3) దగ్గర తాకుతుంది. ఘన సమీకరణానికి రెండు మూలాలు అకరణీయాలైతే మూడోదీ అకరణీయమే కావాలి గదా! సరిచూసుకోండి: 46 ఘనం 97336, 37 ఘనం 50653, తేడా 46683, దాన్ని 27తో భాగిస్తే 1729. ఆ మూడో బిందువులో x, y లను తారుమారు చేస్తే వచ్చేదే మొదటి రెండు బిందువుల మొత్తం. ఇలా కూడుకుంటూ పోతే ఈ వక్రం మీద కొత్త బిందువులకు అంతుండదు.

ఈ కూడిక రామానుజన్ కనిపెట్టింది కాదు. కాని ఇలాంటి వక్రాల మీది అకరణీయ బిందువులన్నీ కొద్దిపాటి బిందువుల నుంచే పుడతాయని మోర్డెల్ 1922లో నిరూపించాడు. అది చూడ్డానికి రామానుజన్ లేడు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్ళకే కన్నుమూశాడు. నేడు మన ఫోన్లలో రహస్యాలను కాపాడే పద్ధతుల్లో ఒకటి ఈ బిందువుల కూడికే.

మార్కుల పట్టీ చూసి మనిషిని కొలవడం తప్పని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే మిత్రులారా, పరీక్ష తప్పిన ప్రతివాడూ రామానుజన్ కాడు. పరీక్ష తప్పినా నోటుపుస్తకం మూయనివాడే రామానుజన్. అలాంటివాడు మన బెంచీ మీదే ఉంటే, ఆ నెల్లూరు కలెక్టరులా గుర్తించి ఆదుకోవడం మన వంతు.