కానూరి లక్ష్మణరావు

విజయవాడకు చేరువను, కృష్ణా డెల్టా కాలువల నడుమ కంకిపాడు అను గ్రామము కలదు. ఆ గ్రామమున 1902 వ సంవత్సరము జూలై 15 వ తేదీన కానూరి లక్ష్మణరావు జన్మించెను. ఆయనకు తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. బడిలో ఆటలాడుచుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయెను. సన్నని గీతలతోను, అంకెలతోను నిండియుండు ఆనకట్టల పటములను జీవితమంతయు పరిశీలింపవలసిన వృత్తిని అట్టి బాలుడు కోరుకొనుట సామాన్యమైన సాహసము కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, గిండీ ఇంజనీరింగు కళాశాలలోను ఆయన చదివెను. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగునందు ఎం.ఎస్‌సి. పట్టము పొందిన మొదటి విద్యార్థి ఆయనయే. 1939 లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము నందెను. రంగూనునందును, ఇంగ్లండునందును అధ్యాపకుడుగా పనిచేసెను. హాయిగా విదేశములలోనే స్థిరపడి యుండవచ్చును. కాని మద్రాసు ప్రభుత్వము గోదావరిపై పోలవరము వద్ద రామపాదసాగరమను పెద్ద ఆనకట్టను తలపెట్టగా, దాని నిర్మాణ పటములను రూపొందించుటకై ఆయన స్వదేశమునకు వచ్చెను.

ఆ ఆనకట్ట కట్టబడలేదు. గోదావరి గర్భమున ఇసుక మిక్కిలి లోతు. గట్టిరాతిని చేరుటకే అపారమైన ధనము కావలసివచ్చెను. పటములు మిగిలినవి, పని ఆగిపోయినది. 1950 లో ఆయన ఢిల్లీకి పోయి కేంద్ర జలవిద్యుత్సంఘమున చేరెను. 1954 నాటికి అచట ప్రధాన ఇంజనీరయ్యెను.

నాగార్జునసాగరము ఆయన పేరును తెలుగు నాట ఇంటింటికి తెచ్చినది. 1955 డిసెంబరు 10 వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసెను. ఆనాడు దేశమున సిమెంటు కొఱతగా నుండెను. కాంక్రీటు కలుపుటకును, పోయుటకును కావలసిన భారీ యంత్రములను విదేశములనుండి తెప్పింపవలెను. అందుకు విదేశ ద్రవ్యము చాలదు. మన యొద్ద సమృద్ధిగా నున్నవి రెండే: రాయి, పనిచేయు చేతులు. కావున కాంక్రీటుకు మారుగా రాతికట్టడముతోనే ఇంత ఎత్తైన ఆనకట్టను కట్టవచ్చునని లక్ష్మణరావు గట్టిగా నమ్మెను. పునాదినుండి 124 మీటర్ల ఎత్తున కృష్ణను నిలువరించు గోడను రాతిపై రాయి పేర్చి కట్టుట ప్రపంచమున అపూర్వమైన పని. పాలమూరు మొదలగు జిల్లాలనుండి వేలకొలది స్త్రీ పురుషులు వచ్చి రాళ్లు మోసిరి. పనిలో ప్రాణములు కోల్పోయినవారును కలరు. ప్రాచీన బౌద్ధక్షేత్రమైన విజయపురి లోయ నీట మునిగెను. త్రవ్వి తీసిన శిల్పములను నాగార్జునకొండపైకి చేర్చిరి. లోయలోని గ్రామస్థులు తాతలనాటి భూములను విడిచి వెడలిపోయిరి. పొలములకు నీరు వచ్చిన కథను చెప్పునపుడు ఈ మాటలు కూడ చెప్పవలసినవే. 1967 ఆగస్టు 4 వ తేదీన కాలువలకు నీరు విడిచిరి.

అప్పటికి లక్ష్మణరావు రాజకీయములలో ప్రవేశించి యుండెను. 1962 లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను; పిమ్మట 1967 లోను, 1971 లోను గెలిచెను. క్యూసెక్కనగా సెకనుకు ప్రవహించు ఒక ఘనపుటడుగు నీరు. ఆయన స్వీయచరిత్రకు క్యూసెక్కుల అభ్యర్థి అను అర్థము వచ్చు పేరే పెట్టుకొనెను. 1963 లో పద్మభూషణ బిరుదము లభించెను. ఆ యేడే కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియై పదేండ్లపాటు ఆ బాధ్యతను వహించెను.

విద్యుచ్ఛక్తిని ధాన్యమువలె గాదెలో నింపి దాచుట సాధ్యము కాదు. పుట్టిన క్షణముననే వాడుకొనవలెను. వానకాలమున ఒక రాష్ట్రమునందు జలవిద్యుత్తు మిగిలిపోవుచుండగా, పొరుగు రాష్ట్రమున దీపములు వెలుగకుండుట ఆనాడు కలదు. రాష్ట్రముల విద్యుత్తీగలను కలిపి పరస్పరము పంచుకొనుటకై 1964 లో ప్రాంతీయ విద్యున్మండలులు ఏర్పడినవి. పల్లెలకు విద్యుత్తు నందించుటకై 1969 లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసినది. రైతు బావిలోని నీరు మోటారుతో పైకి వచ్చుట నేడు వింత కాదు; ఆనాడది వింతయే.

ఆయన తలపోసిన పనులన్నిటిలోను పెద్దది గంగా కావేరుల సంధానము. ఒక వైపున వరదలు, మరియొక వైపున కఱవు. గంగలో పొంగిపోవు నీటిని పాట్నా వద్దనుండి దక్షిణమునకు మళ్లింపవలెనని 1972 లో ఆయన ప్రతిపాదించెను. కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. ఏటా 150 దినములు సెకనుకు 60,000 ఘనపుటడుగుల నీటిని పారింపవలెను. కాని నీరు పల్లమెరుగును గాని మెట్ట నెరుగదు. నడుమ వింధ్య ప్రాంతపు మెట్టలున్నవి. అంత నీటిని ఎత్తిపోయుటకు 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావలెను. అది ఆనాటి దేశమునకు పెనుభారము. వ్యయము అధికమనియు, వరదల తీవ్రత అంతగా తగ్గదనియు నిపుణులు తేల్చిరి. పథకము కాగితములపైనే నిలిచెను. తన జీవితమున విద్యుత్తును పెంచుటకై శ్రమించిన ఇంజనీరు కలకు విద్యుత్తే అడ్డు వచ్చుట విచిత్రము.

విద్యుత్తు వలన నీరు పైకి వచ్చునట్లే, పైనున్న నీటివలన విద్యుత్తు తిరిగి లభించును. నాగార్జునసాగరమున ఏడు యంత్రములు ఇట్టివి. ఒక్కొక్కటి నూరు మెగావాట్ల పైబడినది. పగలు నీరు దిగుచు వానిని త్రిప్పును. కరెంటు మిగిలినపుడు అవే వెనుకకు తిరిగి దిగువ నీటిని జలాశయములోనికి ఎక్కించును. ఈ ఏర్పాటు విలువ నేడు మరింత పెరిగినది. భూపాలపల్లి గనుల బొగ్గు ఒకసారి కాలిన మరల రాదు. గాలియు, ఎండయు తరుగవు గాని మన సమయము నెరుగవు. రామగుండమున జలాశయముపై తేలుచున్న 100 మెగావాట్ల సౌరఫలకములు 2022 లో పూర్తియైనవి. అవి రాత్రి పనిచేయవు. 2017 లో స్కాట్లండు తీరమున, లోతైన సముద్రముపై గొలుసులతో బంధింపబడి తేలుచు తిరుగు ఐదు గాలిమరలను నెలకొల్పిరి. గాలి పడినచో అవియు నిలిచిపోవును. అట్టి మిగులు శక్తిని దాచుటకు కొండపై నీరు పెద్ద గాదె.

లక్ష్మణరావు 1986 మే 18 వ తేదీన పరమపదించెను. కృష్ణపై పులిచింతల వద్ద కట్టిన జలాశయమునకు ఆయన పేరు పెట్టిరి.

నదుల సంధాన చింత ఆయనతో పోలేదు. 1980 లో కేంద్ర ప్రభుత్వము మరియొక ప్రణాళికను సిద్ధపరచెను. దానిలో మహదేవపూర్ ప్రాంతమునందలి ఇచ్చంపల్లినుండి నాగార్జునసాగరమునకు గోదావరి నీటిని చేర్చు కాలువ కలదు. ఇచ్చంపల్లి వద్ద పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు పడవల రాకపోకలకై పని మొదలుపెట్టి విడిచిపోయిరి. ఆనకట్ట కట్టినచో అడవులును, గిరిజన గ్రామములును మునుగునని పొరుగు రాష్ట్రములు అభ్యంతరము చెప్పుచు వచ్చినవి. ఆ మండలముననే 2019 లో మేడిగడ్డ బ్యారేజి ప్రారంభమై, కన్నేపల్లి పంపులు గోదావరిని ఎగువకు ఎత్తిపోసినవి. 2023 అక్టోబరులో బ్యారేజి స్తంభములు కొన్ని కుంగినవి. ఇచ్చంపల్లి వద్ద గోదావరికి నేటికిని ఆనకట్ట లేదు.