డార్విను తొలి సముద్రయానము

చార్లెస్ డార్విను 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విను పేరుగన్న వైద్యుడు. ఆయన కుమారుని గూడ వైద్యుని చేయదలచి ఎడింబరో నగరమునకు పంపెను. మత్తుమందు లేని ఆ దినములలో జరుగు శస్త్రచికిత్సలను చూడజాలక చార్లెస్ ఆ చదువు మానివేసెను. పిమ్మట మతాచార్యుడగుటకై కేంబ్రిడ్జిలో చేరెను. అచ్చటను పాఠములకంటె పురుగులను సేకరించుటయందే అతనికి మక్కువ మెండు. ఈ కుమారుడు ఏ పనియందును నిలువడేమో యని తండ్రి చింతించుచుండెను.

1831లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, డార్వినునకు గురువగు హెన్‌స్లో యొద్దనుండి ఒక లేఖ వచ్చెను. బీగిల్ అను ఓడ దక్షిణ అమెరికా తీరములను కొలుచుటకై పోవుచున్నదనియు, ప్రకృతి పరిశోధకునిగా అందు వెళ్ళవచ్చుననియు దాని సారాంశము. తండ్రి సమ్మతింపలేదు. కాని, వివేకవంతుడొక్కడైనను ఇది మంచిదని చెప్పినచో అంగీకరింతుననెను. మేనమామ జోసయా వెడ్జివుడ్డు మేనల్లుని పక్షము వహించి, బావగారి ఆక్షేపణల కన్నింటికి వరుసగా సమాధానములు వ్రాసెను. తండ్రి మనస్సు మెత్తబడెను. ఓడ నాయకుడు ఫిట్జ్‌రాయ్ డార్విను ముక్కుతీరు చూచి, ఇట్టివానికి పట్టుదల యుండదేమో యని శంకించెను. అయినను తుదకు ఒప్పుకొనెను. ఇష్టము లేనప్పుడు మరలిపోవచ్చునని గూడ అతనికి మాట యిచ్చెను.

బీగిల్ తొంబది అడుగుల పొడవుగల చిన్న ఓడ. అందు డెబ్బదిమందికి పైగా ప్రయాణము చేయవలెను. డార్విను పడక పటములు గీయు బల్లపైని వ్రేలాడు ఊయల. కాళ్ళు చాచుకొనుటకు గోడలోని సొరుగు నొకదానిని తీసివేయవలసి వచ్చెడిది. డిసెంబరు నెలలో రెండుమారులు బయలుదేరిన ఓడను పెనుగాలులు వెనుకకు త్రిప్పికొట్టెను. డిసెంబరు 27వ తేదీన అది ప్లిమత్ రేవును విడిచెను.

సముద్రముపై అడుగిడిన వెంటనే డార్వినునకు కడుపులో త్రిప్పట, వాంతులు మొదలాయెను. తలయెత్తినచో ప్రాణము పోవునట్లుండెను. దినముల తరబడి పడకపైననే యుండి, ఎండుద్రాక్షలతోను గట్టి రొట్టెలతోను ఆకలి తీర్చుకొనెను. టెనెరీఫ్ దీవిని చూతునన్న ఆశయే అతనికి ఊరట. విద్యార్థి దశలో హంబోల్టు వ్రాసిన యాత్రాగ్రంథమును చదివినది మొదలు అతని మనస్సు ఆ దీవిపైననే యుండెను.

1832వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఆ దీవి యెదుట ఓడ ఆగెను. ఇంగ్లండులో కలరా వ్యాపించియున్నందున పండ్రెండు దినములు ఎవరును ఒడ్డునకు రాగూడదని అచ్చటి అధికారులు శాసించిరి. నాయకుడు వేచియుండక తెరచాపలెత్తించెను. మరునాటి ఉదయమున సూర్యకిరణములు సోకి మెరయు ఆ పర్వతశిఖరమును దూరమునుండి చూచుటయే డార్వినునకు దక్కిన భాగ్యము.

ఇంతటి ఆశాభంగము కలిగినను అతడు ఇల్లు చేరవలెనని కోరలేదు. నాలుగడుగుల లోతుగల గుడ్డసంచి నొకదానిని కుట్టించి, ఓడవెనుక నీటిలో లాగించెను. దానిలో చిక్కిన సూక్ష్మప్రాణుల రంగులను, రూపములను చూచి అబ్బురపడెను. మానవుని కంటబడని నడిసముద్రమున ఇంత సౌందర్యమేల యని ఆలోచించెను.

జనవరి 16వ తేదీన ఓడ కేప్ వర్డీ దీవులలోని సెయింట్ జాగో చేరెను. అది చాలవరకు ఎండిన బీడుభూమి. అయినను ఒక లోయలో చింతచెట్లు, అరటిచెట్లు, తాళవృక్షములు కనబడగా డార్విను పరవశుడయ్యెను. మన పల్లెలలో ఎవరును తలయెత్తి చూడని చింతచెట్టు ఆ చలిదేశపు యువకునకు అపూర్వదర్శనమాయెను! సముద్రపు గుంటలలో రంగులు మార్చు అష్టపాదిని గంటల కొలది గమనించెను.

తీరపు కొండ అంచున, సముద్రమట్టమునకు సుమారు 45 అడుగుల యెత్తున, ఒక తెల్లని చార సాగిపోవుచుండెను. దగ్గరకు పోయి చూడగా అందు సముద్రపు గుల్లలుండెను. ఒకప్పుడు సముద్రగర్భమందున్న నేల పైకి లేచినదని అతడు గ్రహించెను. నాయకుడు బహూకరించిన లయల్ భూగర్భశాస్త్ర గ్రంథము అందుకు తోడ్పడెను. తానును ఒక గ్రంథము వ్రాయగలనన్న విశ్వాసము ఆ కొండ నీడలోనే అతనికి తొలిసారిగా కలిగెను.

సముద్రపు జబ్బు అతనిని తుదివరకు విడువలేదు. ఆ యాత్ర దాదాపు ఐదేండ్లు సాగెను. ఎన్నో రేవులలో దిగి, నడచి, చూచి, సేకరించి, 1836వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన అతడు స్వదేశమున అడుగుపెట్టెను. ఆ పరిశీలనల ఫలముగా జీవజాతుల పుట్టుకను గూర్చిన అతని మహాగ్రంథము 1859లో వెలువడి, శాస్త్రలోకపు ఆలోచననే మార్చెను. 1882లో డార్విను మరణించెను.

ఇల్లు చేరిన కుమారుని చూచి తండ్రి, అతని తల ఆకారమే మారిపోయినదని సోదరీమణులతో అనెనట! నిజమునకు మారినది తల కాదు. ముక్కుతీరునుబట్టి లేదని శంకింపబడిన ఆ పట్టుదలయే ఊయల పడకపై వాంతులతో పెనగులాడుచు గట్టిపడెను.