ఖాళీ ఖజానా తాళంచెవి

జనగామలో మా ఇంట్లో దర్వాజ అంటాం, బజారు అంటాం, రుమాలు అంటాం. ఇవన్నీ పారశీక దేశం నుంచి నడిచొచ్చిన మాటలని డిగ్రీ చదివే మా అమ్మాయి చెప్పింది. దాని చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే నాకో రాణి కనిపించింది. పేరు బోరాన్. ఆమె కథ చదువుతున్నంతసేపూ మానుకోటలోని మా మేనత్తే కళ్ళముందు మెదిలింది.

ఇస్లాం రాకముందు పారశీకాన్ని ఏలిన చివరి పెద్ద వంశం సాసాన్లది. 224 నుంచి 651 వరకు ఏలారు. ఇప్పటి బాగ్దాద్‌కి దగ్గర్లో, టైగ్రిస్ నది ఒడ్డున ఉండే టెసిఫాన్ వాళ్ళ రాజధాని. బోరాన్ తండ్రి రెండవ ఖుస్రో. ఆయన కొలువుకి మన దేశపు రాజొకరు కానుకలు పంపినట్టు తబరీ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ రాజు చాళుక్య రెండవ పులకేశి అని చాలామంది పండితుల అభిప్రాయం. వేంగిని ఏలిన కుబ్జ విష్ణువర్ధనుడికి స్వయానా అన్న ఆయన! అంటే బోరాన్ పుట్టిల్లు మనకు బొత్తిగా తెలియనిదేం కాదు.

అంత వైభవమూ ఎలా కరిగిపోయిందంటారా? ఖుస్రో రోమన్లతో 602లో మొదలుపెట్టిన యుద్ధం 26 ఏళ్ళు సాగింది. ఖజానా వట్టిపోయింది. 628లో కొడుకు షేరోయే తండ్రినీ, అన్నదమ్ములందర్నీ చంపించి గద్దెనెక్కాడు. బోరాన్, చెల్లెలు ఆజర్మీదుఖ్త్ కలిసి వెళ్ళి అతన్ని నిలదీశారట. కొన్ని నెలలకే అతనూ పోయాడు. మహమ్మారి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజులవి. అతని కొడుకు ఏడేళ్ళ పసివాణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. 630లో ఓ సేనాని ఆ పిల్లాణ్ణి చంపి తానే రాజయ్యాడు. నెలన్నరలో అతన్నీ చంపేశారు.

ఇక గద్దెనెక్కించడానికి మగపిల్లాడు కనబడలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఇంటి ఆడపడుచు!

బోరాన్ ఏం చేసిందో చూడండి. రైతుల పాత పన్ను బకాయిలు కొట్టేసింది. పాడైపోయిన రాతి వంతెనలు, పడవ వంతెనలు బాగు చేయించింది. తన బొమ్మతో, జడలతో సహా, వెండి నాణేలు వేయించింది. తాను జరతుష్ట్ర మతస్థురాలై ఉండీ, తన రాజ్యంలోని క్రైస్తవ మతాధిపతి ఈషోయబ్‌ను రోమన్ చక్రవర్తి దగ్గరకు రాయబారిగా పంపి స్నేహం నిలబెట్టింది. అచ్చంగా ఇల్లు చక్కబెట్టుకునే పనులు! తబరీ లెక్కన ఆమెకు దక్కింది ఏడాది నాలుగు నెలలే. తర్వాత ఇరవై ఏళ్ళకు, 651లో, ఆ సామ్రాజ్యం పేరే లేకుండా పోయింది.

మా మేనత్త సంగతీ అంతే. బావగార్లు, మరుదులు కోర్టుల చుట్టూ తిరిగి పొలాలన్నీ అమ్ముకున్నాక బీరువా తాళాలు ఆమె చేతిలో పెట్టారు. బీరువాలో ఉన్నవి ప్రామిసరీ నోట్లే. పద్దుపుస్తకం రాసి, పాలు అమ్మి, మూడు అప్పులు తీర్చింది. నాలుగోదానికి ఇల్లు పోయింది. ఆడపెత్తనం వల్లే కొంప మునిగిందని చుట్టాలంతా అన్నారు.

మొన్న భూపాలపల్లిలో ఉండే మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఘనపురం కోటగుళ్ళు చూశాం. గణపతిదేవుడి కాలం నాటివి. ఆయన తన కూతురు రుద్రమకు రాజ్యం నిండుగా ఉండగానే అప్పగించాడు, అందుకే ఆమె పేరు నిలిచింది అనిపించింది. బోరాన్‌కి అప్పగించింది కాలిపోతున్న ఇల్లు.

మేనత్త పద్దుపుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. తీరిన మూడు అప్పుల ఎదురుగా ఆమె పెట్టిన గుర్తులు మా అమ్మాయికి చూపించాను. ఇల్లు ముంచిన సంతకాలు ఎవరివో కూడా చూపించాను.