బహుమతికి మించినది

పుస్తకప్రియులైన బాలబాలికల కథలలో ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ అను ఆంగ్ల నవల సుప్రసిద్ధము. దానిని రచించిన లూసీ మాడ్ మాంట్‌గోమరీ, కెనడా తూర్పు తీరమునందలి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున 1874 నవంబరు 30వ తేదీన జన్మించెను. రెండేండ్లు నిండకమునుపే తల్లి క్షయవ్యాధిచే మరణించెను. కావెండిష్ గ్రామమున మాతామహుల యింట ఆ పసిబిడ్డ పెరిగెను.

ఆ యింట నవలలు మూడే యుండెను: డికెన్స్ రచించిన ‘పిక్విక్ పేపర్స్’, స్కాట్ రచించిన ‘రాబ్ రాయ్’, లిట్టన్ రచించిన ‘జానోని’. ఆ మూడింటినే మరల మరల చదివి, అధ్యాయములకు అధ్యాయములు ఆమె కంఠస్థము చేసెను. ఊరి తపాలా కచేరి ఆ యింటనే నడచుచుండెడిది. అచ్చట పనికిరాక మిగిలిన కాగితములే ఆమె తొలి రచనలకు ఆధారములయ్యెను.

1883లో ‘మార్కో పోలో’ అను ఓడ కావెండిష్ తీరమున చిక్కువడి శిథిలమయ్యెను. కొన్నేండ్లకు మాంట్రియల్ పత్రిక యొకటి విద్యార్థులకు వ్యాసపు పోటీ పెట్టగా, బాల్యమున కన్నులార చూచిన ఆ దృశ్యమును వర్ణించి ఆమె పంపెను. తన ప్రాంతమున మూడవ బహుమతి లభించెను. మూడవదైనను, వ్రాయగలనను ధైర్యమును ఆమెకిచ్చినది అట్టి గెలుపే.

1893లో షార్లట్‌టౌన్ కళాశాలలో చేరి, రెండేండ్ల పాఠములను ఒక్కయేట ముగించి, ఉపాధ్యాయురాలయ్యెను. కూడబెట్టిన జీతమునకు అమ్మమ్మ సాయము తోడుకాగా, 1895లో హాలిఫాక్స్ నగరమున డల్హౌసీ కళాశాలలో ఒక యేడు చదివెను. స్త్రీపురుషులలో ఓర్పు ఎవరికి అధికమను విషయముపై అచ్చటి పత్రిక పెట్టిన పోటీలో ఐదు డాలర్లు గెలుచుకొనెను. అవసరములెన్ని యున్నను, ఆ సొమ్ముతో టెన్నిసన్, బైరన్ మొదలగువారి కావ్యములను కొనెను. పుస్తకములు తెచ్చిన బహుమతి మరల పుస్తకములైనది!

తరువాత బెల్మాంట్ గ్రామమున బడిపంతులమ్మగా నున్నపుడు, చలికాలపు తెల్లవారుజామున దీపము వెలిగించుకొని, మందపు కోటు తొడిగి, బడివేళ కాకమునుపే కథలు వ్రాసెడిది. 1898లో తాత మరణింపగా, ఉద్యోగము వదలి, వృద్ధురాలైన అమ్మమ్మకు తోడుగా కావెండిష్ చేరెను.

ఆ యింటనే ఆమె ‘ఆన్’ కథను వ్రాసెను. ముద్రాపకులు పలువురు తిప్పిపంపగా, కొంతకాలమా వ్రాతప్రతి టోపీల పెట్టెలో పడియుండెను. తుదకు 1908లో బోస్టన్ నగరమున అచ్చయి, విశేషాదరణము పొందెను. అనాథయైన ఆన్ తరగతిలో పాఠము విడిచి నవల చదివి పట్టువడును. గిల్బర్ట్ అను సహపాఠితో ప్రథమస్థానమునకై ఏండ్ల తరబడి పోటీపడును. కష్టపడి విద్యార్థివేతనము గెలుచును. కాని పెంచిన మాథ్యూ మరణించి, అతని చెల్లెలు మరిల్లా చూపు మందగించుచుండగా, ఆ వేతనమును వదలుకొని ఇంటికి వచ్చును. ఆమెకై గిల్బర్ట్ తన బడి ఉద్యోగమును విడిచిపెట్టును. అంతవఱకు ప్రత్యర్థులైనవారు అపుడు మిత్రులగుదురు.

అమ్మమ్మ మరణించువఱకు మాంట్‌గోమరీ వివాహమాడలేదు. 1911లో వివాహమాడి ఆంటారియో ప్రాంతమునకు వెడలెను. 1942 ఏప్రిల్ 24వ తేదీన టొరాంటోలో మరణింపగా, కావెండిష్‌లోనే సమాధి చేసిరి. పోటీలు చదువునకు మెట్లు మాత్రమే. చదివిన హృదయమునకు పరీక్ష పాఠశాల వెలుపల జరుగునని ఆమె కథయు, ఆమె జీవితమును చాటుచున్నవి.