కథను చేతికిచ్చిన గురువు: గిజుభాయి బధేకా

జనగామకు సమీపమందలి చేర్యాలలో నకాశీ చిత్రకారులు కథలను వస్త్రముపై లిఖింతురు. ఖద్దరుగుడ్డకు చింతగింజల అంబలియు సుద్దయు పూసి, ఆరిన పిదప ఎఱ్ఱని నేలపై మార్కండేయ పురాణమును, మడేలు పురాణమును వరుసగా చిత్రింతురు. కథకుడు ఆ పటమును విప్పుచు ఊరివారికి కథ చెప్పును. ఇట్లు మన ప్రాంతపు పిల్లలు కథను చెవితో వినుటయే గాక కంటితో కూడ చూచిరి. ఇక ఆ కథను వారి చేతికే యిచ్చినచో చదువు ఎట్లుండునో బడిలో చేసి చూపిన మహనీయుడు గుజరాతు దేశపు గిజుభాయి బధేకా.

ఈయన అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్రమందలి చితల్ గ్రామమున జన్మించెను. భావనగరమున చదువుచు, ఆ కళాశాల విద్య ముగియకమునుపే 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు పోయెను. 1909లో తిరిగివచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రము నభ్యసించి, వఢ్వాణ్‌లో వకీలుగా స్థిరపడెను.

1913లో ఆయనకు కుమారుడు కలిగెను. ఈ బిడ్డను ఎట్లు పెంచవలెను, ఏ బడికి పంపవలెను అను చింత ఆ తండ్రిని పట్టుకొనెను. ఆనాటి బడులలో బెత్తము, వల్లెవేత తప్ప వేరు దారి తక్కువ. ఆ దినములలో వసో గ్రామమున మోతీభాయి అమీన్ అను ఉపాధ్యాయుడుండెను. బరోడా సంస్థానమున ఊరూర గ్రంథాలయములు వెలయుటకు పాటుపడిన పుణ్యాత్ముడాయన. ఆయన మూలమున మేరియా మాంటిసోరీ శిశువిద్యా పద్ధతిని తెలుపు గ్రంథము గిజుభాయి చేతికి వచ్చెను. ఒక్క పుస్తకము సరియైన వేళకు సరియైన చేతికి అందినచో ఎంత పని చేయునో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

1916లో ఆయన వకీలు వృత్తిని విడిచి, భావనగరమున నానాభాయి భట్టు నడుపుచున్న దక్షిణామూర్తి సంస్థలో చేరెను. మొదట పెద్ద పిల్లలకు బోధించెను. బాల్యమునందే భయము పాతుకొనిన మనస్సును పిమ్మట సరిచేయుట కష్టమని గ్రహించి, 1920లో పసిపిల్లలకై బాలమందిరమును నెలకొల్పెను. సంపాదించు వకీలు పసిపిల్లల నాడించుటకు పోవుట ఆనాటి లోకమునకు వింతగానే తోచును. పిల్లలకు మాత్రము ఆయన మీసములున్న తల్లి. ఆ పేరే గుజరాతున ఆయనకు శాశ్వతముగా నిలిచిపోయెను.

బాలమందిరమున చదువునకు ముందు కథ నడచెడిది. కథ ముగిసిన పిదప నీతి చెప్పి పిల్లల మెడలు వంచుట ఆయనకు సమ్మతము కాదు. కథ ఆనందమునకై చెప్పవలెను. ఆ ఆనందమే తక్కిన పని చేయునని ఆయన విశ్వాసము. విన్న కథను పిల్లలు తమకు తోచిన మాటలతో నాటకమాడుదురు. మట్టితో బొమ్మలు చేయుదురు, రంగులతో చిత్రములు వేయుదురు, కాగితములు కత్తిరింతురు. ఆయన చెప్పిన కథలలో సంతోషము వీడని కాకి కథ ప్రసిద్ధము. రాజు ఆ కాకిని బురదలో వేయించును, బావిలో వేయించును, ముండ్లలో వేయించును. అది మాత్రము పాడుచునే యుండును. ఈ కథ విన్న పిల్లవానికి మట్టి ముద్ద నిచ్చిన చాలును, వాని చేతిలో కాకి పుట్టును. కాగితము నిచ్చినచో రాజునకు కిరీటము సిద్ధమగును. బావి ఎంత లోతు, కాకి రెక్క ఎంత పొడవు అని చేతితో కొలుచునప్పుడే వాని బుద్ధియు మేలుకొనును.

ఉపాధ్యాయుడు బొమ్మ వేసి చూపగా పిల్లలు దానినే నకలు చేయుట ఆయన కిష్టము లేదు. బహుమతులు, దండనలు రెండును ఆయన త్రోసివేసెను. ఒకనికి మొదటి బహుమానమిచ్చినచో తక్కిన పిల్లల చేతులు వెనుకాడునని ఆయన యెరుగును. కథ చెప్పు విధానమును గూర్చి ఒక శాస్త్రగ్రంథమును, కళలు చేతిపనులు నేర్పుటను గూర్చి వేరొక గ్రంథమును ఆయన రచించెను. పిల్లల కొరకు వ్రాసిన చిన్న పుస్తకములు వందకు మించినవి.

కథలు, బొమ్మలు చదువును చెరచునను మాట నాడును ఉండెను, నేడును ఉన్నది. దానికి సమాధానముగా 1931 ప్రాంతమున ఆయన దివాస్వప్నము అను పుస్తకమును వెలువరించెను. తెలుగున ఇది పగటికల యను పేరుతో ఉపాధ్యాయులు చదువుకొనుచున్న గ్రంథము. అందులో ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని ఏడాదికాలము తన పద్ధతిన నడుపును. మొదటి దినమున పిల్లల అల్లరికి అతడు ఓడిపోవును. మరునాడు కథ మొదలిడగా తరగతి నిశ్శబ్దమగును. తోడి ఉపాధ్యాయులు నవ్వుదురు, పరీక్షల భయము వెన్నాడును. అయినను అతడు పాఠ్యపుస్తకములకు వెచ్చింపవలసిన ధనముతో కథల పుస్తకములు కొని, తరగతిలోనే గ్రంథాలయము నెలకొల్పును.

గిజుభాయి 1936లో దక్షిణామూర్తి సంస్థను వీడి, 1939 జూన్ 23న బొంబాయిలో పరమపదించెను. అప్పటి కాయన వయస్సు 53 సంవత్సరములు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ ఆ దీపమును ఆరనీయలేదు. మహారాష్ట్రమందలి బోర్డి, కోస్బాడు ప్రాంతపు గిరిజన గూడెములకు ఆమె శిశువిద్యను కొనిపోయెను. ఖరీదైన మాంటిసోరీ సామగ్రికి బదులుగా గింజలు, ఆకులు, రాళ్లు, మట్టి ఆ పిల్లల చేతికి వచ్చినవి. ఇంటి వాకిళ్లే బడులైనవి.

కొత్తగూడ ప్రాంతపు కోయగూడెములలోను, పల్లెలలోను ఆ సామగ్రికి కొదువ లేదు. చెరువు మట్టి ఉన్నది, చింతగింజలు ఉన్నవి, మోదుగాకులు ఉన్నవి. తాతలు, అవ్వలు చెప్పు కథలు ఉన్నవి. గ్రంథాలయపు బీరువాలో పుస్తకములు ఉన్నవి. ఇరువదియైదు వసంతములు నిండిన ఈ గ్రంథాలయమున వారమునకొక సాయంకాలము పెద్దలొకరు కథ చదివి, పిదప పిల్లల ముందు ఒక మట్టి ముద్ద నుంచినచో అదియే గిజుభాయికి తగిన నివాళి. ఆ మట్టి కాకి వంకరగా నున్నను దానిని దిద్దకుందురుగాక!