పోస్టుల పేర్లు ఫ్రెంచ్‌లో ఎందుకు?

హోటల్ ఉద్యోగాల ప్రకటన ఎప్పుడైనా చూశారా? ప్రకటన ఇంగ్లిష్‌లో ఉంటుంది, పోస్టులు మాత్రం సూ షెఫ్, షెఫ్ ద పార్టీ, కమీ! ఎందుకో తెలియాలంటే ఒగుస్త్ ఎస్కోఫియే గురించి తెలుసుకోవాలి.

1846లో దక్షిణ ఫ్రాన్స్‌లో పుట్టారాయన. శిల్పి కావాలని కోరిక. కానీ 13 ఏళ్లకే నీస్‌లోని బంధువు రెస్టారెంట్‌లో పనికి పెట్టేశారు. మనిషి పొట్టి. పొయ్యి దగ్గర నిలబడటానికి ఎత్తు మడమల బూట్లు వేసుకునేవారు. ఇష్టపడి మొదలెట్టిన పని కాదు, అయినా వదల్లేదు.

1870 యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యానికి వండారు. 1890లో లండన్ సవాయ్ హోటల్ వంటగది ఆయన చేతికొచ్చింది. అక్కడ పనిని సైన్యంలోలాగే పంచారు. సాస్‌లు ఒకరికి, వేపుళ్లు ఒకరికి, తీపి వంటకాలు ఇంకొకరికి. ఈ పద్ధతికి బ్రిగేడ్ అనే సైనిక పదమే స్థిరపడింది. మన ఐటీ టీముల్లాగే అన్నమాట. షెఫ్ అంటే ఫ్రెంచ్‌లో పెద్ద. సూ అంటే కింద. అంటే సూ షెఫ్ పెద్దాయన తర్వాతి మనిషి. ఒక విభాగానికి పెద్ద అయితే షెఫ్ ద పార్టీ. అందరికన్నా కింద, పని నేర్చుకుంటూ చేసేవాళ్లు కమీలు.

1898లో సవాయ్ ఆయన్ని తీసేసింది. సరుకులిచ్చేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకున్నట్టు తర్వాత ఒప్పుకున్నారు కూడా. చేతిలో పని ఉంది కాబట్టి మరుసటి ఏడాదే లండన్‌లో కార్ల్‌టన్ హోటల్‌లో నిలబడ్డారు. మచ్చ మాత్రం చెరగలేదు, ఇప్పటికీ ఆయన కథలో అదొక పేరా.

1903లో వేల వంటకాలతో పెద్ద పుస్తకం తెచ్చారు. 1907లో అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. వంట నేర్చుకునేవాళ్లకు అది పాఠ్యపుస్తకమైంది. ఆయన పద్ధతితో పాటు ఫ్రెంచ్ మాటలూ దేశదేశాల హోటళ్లకు వెళ్లాయి. 1935లో, 88 ఏళ్ల వయసులో మాంటే కార్లోలో కన్నుమూశారు.

ఈ మాటలు బట్టీ పడితే లాభం లేదు. సోటే అంటే ఫ్రెంచ్‌లో ఎగరడం. బాలే నాట్యంలో మనిషి ఎగిరితే సోటే, పెనంలో ముక్కలు ఎగిరితే కూడా సోటేనే! అర్థం తెలిస్తే చెయ్యి ఎలా ఆడాలో తెలుస్తుంది.

మీది ఏ రంగమైనా ఇంతే. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆ పోస్టు పేరు ఒక్కసారి విప్పి చూడండి. దాని వెనక రోజూ చేసే పనేంటి, మీ పైన ఎవరు, కింద ఎవరు? ఇది చెప్పగలిగితే సగం ప్రిపరేషన్ అయిపోయినట్టే.